చిన్నాయిన పెంచిన అష్టచెమ్మ

మా ఇంట్లో అష్టచెమ్మ ఆడాలంటే సుద్దతో గడులు గీసుకునే పని ఉండేది కాదు. వసారాలో పరిచిన షాబాదు బండల్లో ఒకదాని మీద, నేను పుట్టకముందే ఎవరో మేకుతో లోతుగా గీసిపెట్టారు. అవ్వ పొద్దున్నే వసారా కడిగేటప్పుడు ఆ గీతల్లో చేరిన మట్టిని చీపురుపుల్లతో తీసేది. చుట్టాలెవరైనా వచ్చి ఆ బండ మీద చెప్పుల కాళ్ళు పెట్టబోతే "గాడ కాదు, గిటు జరుగు" అని చేయి పట్టి లాగేది.

ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గడులు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలు విసిరితే ఎన్ని వెల్లకిలా పడ్డాయో అన్ని గడులు కాయను నడపాలి. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. బయటి వరుస చుట్టి వచ్చి, లోపలి వరుస చుట్టి, నడిమి గడికి చేరిన కాయ పండినట్టు. దారిలో ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి మన కాయ వచ్చి పడితే వాళ్ళది చచ్చినట్టే. అది మళ్ళీ మొదటి నుంచి నడిచి రావాలి. ఇంకొక నియమం ఉంది. ఎదుటివాళ్ళ కాయనొక్కటైనా చంపనిదే లోపలి వరుసలోకి పోవడానికి లేదు.

మేం నలుగురం ఆడేవాళ్ళం. అవ్వ, చిన్నాయిన, చిన్నమ్మ, నేను. అవ్వ నాయినకు తల్లి. చిన్నాయిన నాయిన తమ్ముడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఊరు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారి మీద. తొంభైల్లో ఆ దారికి రెండు పక్కలా ద్రాక్షతోటలే. నాయిన అట్లాంటి ఒక తోటలో పనిచేసేవాడు. చిన్నాయిన దూలపల్లిలో ఇనుము పోతపోసే చిన్న ఫ్యాక్టరీలో కర్ర అచ్చులు చెక్కేవాడు. కరిగిన ఇనుము పోయడానికి ఇసుకలో గుంట పడాలంటే ముందు ఆ వస్తువు ఆకారంలోనే కర్ర అచ్చు కావాలి కదా, అది ఆయన పని. చిన్నమ్మది సూరారం. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. అష్టచెమ్మ దగ్గర మాత్రం గొంతు లేచేది.

గవ్వలు అవ్వ మాట వినేవి. "అష్ట" అని ముందే అనేసి విసిరేది, అష్టే పడేది. చిన్నాయినకు ఒళ్ళు మండేది.

"గిదేం ఆటనే అవ్వా? గవ్వలు ఎట్ల పడితే గట్ల నడుసుడేనా? కొంచెమన్న మన తెలివి ఉండొద్దా?"

"నీ తెలివి నీ కార్ఖానల పెట్టుకో కొడుకా. గవ్వలకు నేనంటే పావురం, మస్తు ఇష్టం. నువ్వంటే లేదు."

చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. చిన్నాయిన ఆమె వైపు చూసి "నవ్వు, నవ్వు. నీ కాయ సంగతి జూస్త" అనేవాడు. ఆ మాట అన్న కాసేపటికి ఆయన కాయే చచ్చేది.

నేను మేడ్చల్‌లో ఇంటర్ చదువుతున్నప్పుడు చిన్నాయిన కాళ్ళు వాచాయి. రోజంతా నిలబడి చేసే పని కాబట్టి వాచాయనుకున్నారు. పండుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకునేవాడు. తర్వాత పొద్దున లేచేసరికి ముఖం కూడా ఉబ్బి ఉండేది. మేడ్చల్‌లో డాక్టరు నాడి చూసి, కళ్ళ కింద నొక్కి చూసి, పట్నం పొమ్మన్నాడు. పట్నం నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నాయిన వసారాలో కూర్చుని చాలాసేపు చెప్పులు విడవలేదు. లోపల అమ్మతో చెప్పేది విన్నాను. "రెండు కిడ్నీలు ఖరాబైనయట. మిషన్ మీద రక్తం కడగాలట. ఒక్కసారి కాదు. ఇగ ఎప్పటికీ."

అట్లా చిన్నాయిన పని మానేశాడు. పట్నం దవాఖానకు పోయే రోజుల్లో పొద్దున బస్సుకు వెళ్తే చీకటి పడే వేళకు వచ్చేవాడు. చిన్నమ్మ వెంట పోయేది. మిగిలిన రోజుల్లో వసారాలో గోడకు ఆనుకుని ఉండేవాడు. ఉప్పు వద్దు, పప్పు తగ్గించాలి, పండ్లు తినొద్దు. ద్రాక్షతోటల మధ్య ఉంటూ ఆయన ఒక్క ద్రాక్షపండు నోట్లో వేసుకోవడానికి లేకుండా పోయింది. అన్నిటికంటే కష్టం నీళ్ళది. చిన్నమ్మ పొద్దున్నే ఒక చిన్న చెంబుతో పోసి పెట్టేది. అదే రోజంతటికీ. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన ఆ చెంబు వైపు చూడకుండా ఉండడానికి ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. మేం నీళ్ళు తాగాలంటే వంటింట్లోకి పోయి తాగి వచ్చేవాళ్ళం.

ఒకరోజు అవ్వా నేనూ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అవ్వకు మళ్ళీ మళ్ళీ మంచి పందేలు పడుతున్నాయి. నాకు ఒక్కటి తప్ప ఏదీ పడటం లేదు. చిన్నాయిన ఉన్నట్టుండి చేయి చాచి గవ్వలు అందుకున్నాడు. అరచేతిలో వేసుకుని చూశాడు.

"బోర్ల పడ్డదా ఎల్లెలకల పడ్డదా, గంతే. గిట్లనే నడుస్తాంది నాది గుడ. డాక్టరు నోట్లకెల్లి ఏం పడితే గది."

"గవేం మాటలు కొడుకా" అంది అవ్వ.

"మాట కాదే. గీ ఆటను మారుస్త."

మర్నాడు నాయినతో తోట నుంచి ద్రాక్షపండ్లు పంపే పెట్టెల చెక్కలు తెప్పించుకున్నాడు. పాత ఉలి, చెక్కను నునుపు చేసే రంధా బయటికి తీశాడు. కాసేపు రంధా పట్టి ఆయాసపడి ఆగేవాడు. నాయిన తోట నుంచి వచ్చాక మిగిలింది పట్టేవాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక పని చేయడం నేను అప్పుడే చూశాను. నాయిన మామూలుగా ఎవరితోనూ మాట్లాడే మనిషి కాదు. "గిట్లనా? ఇంక కొంచెం తీయాల్నా?" అని తమ్ముణ్ణి అడిగి అడిగి చేశాడు. చెక్క తయారయ్యేసరికి వసారా అంతా పొట్టు. అమ్మ ఊడుస్తూ తిట్టలేదు.

పాత ఆట చుట్టూ ఇంకొక వరుస చేర్చాడు చిన్నాయిన. అడ్డం ఏడు, నిలువు ఏడు గడులు. గవ్వలు అవే. కానీ మూడు కొత్త నియమాలు పెట్టాడు. పడ్డ పందేన్ని రెండు కాయలకు పంచుకోవచ్చు. మూడు పడితే ఒక కాయను ఒకటి, ఇంకో కాయను రెండు నడపొచ్చు. రెండోది, మన కాయలు రెండు ఒకే గడిలో చేరితే జోడీ. జోడీని చంపడానికి లేదు, దాటి పోవడానికీ లేదు. మూడోది ఆయనకు చాలా ఇష్టమైనది. పడ్డ పందెం ఇప్పుడు అక్కరలేకపోతే దాచుకోవచ్చు. "దాసిన" అని చెప్పి పక్కన ఒక రాయి పెట్టుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాడుకోవచ్చు. ఒక్క పందేనికి మించి దాచడానికి వీల్లేదు.

అవ్వ మొదట ముట్టనంది. "దాసుడేంది? పడ్డ పందెం పడ్డట్టు ఆడాలె. మా అవ్వ గట్లనే ఆడింది, నేను గట్లనే ఆడిన."

"ఒక్కసారి ఆడి జూడు. నచ్చకుంటే పొయ్యిల పెడ్త."

ఆడింది. వరసగా ఓడిపోయింది. అయినా మూడో రోజుకే తనంతట తను వచ్చి చెక్క ముందు కూర్చుంది. గవ్వల మీద ఉన్న నమ్మకం ఆమెకు పోలేదు కానీ, జోడీ కట్టి మా అందరి దారీ మూసేయడంలో ఉన్న రుచి తెలిసింది. జోడీ కట్టి వాటిని కదపకుండా కూర్చునేది. "జరుగవే అవ్వా" అంటే "నా ఇల్లు, నా గడప, నేనెందుకు జరగాలె" అనేది.

ఆ కొన్ని నెలలు మా ఇంట్లో జబ్బు మనిషి ఉన్నట్టే అనిపించేది కాదు. దవాఖానలో మిషను పక్కన పండుకున్నప్పుడు చిన్నాయిన ఆట గురించే ఆలోచించేవాడట. బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే, ముఖం పాలిపోయి ఉన్నా, "జోడీని జోడీ కొట్టొచ్చా కొట్టొద్దా? కొట్టొచ్చని పెడదమా?" అనేవాడు. నియమాల మీద తగాదాలయ్యేవి. వంటింట్లోంచి అమ్మ కూడా తన మాట చెప్పేది. ఎన్నడూ గవ్వ పట్టని నాయిన చిన్నాయిన వెనకాల కూర్చుని చెవిలో ఎత్తులు చెప్పేవాడు. "అన్నా, నువ్వు జెప్పినట్టు ఆడితే తోటల ద్రాక్ష గుడ పండది" అని చిన్నాయిన తోసేసేవాడు.

అందరికంటే బాగా ఆడింది చిన్నమ్మ. గవ్వలు విసిరి, పెదవి కొరుకుతూ చెక్కను చూసేది. ఎటు నడుపుతుందో ముఖంలో తెలిసేది కాదు. చిన్నాయిన కష్టపడి పన్నిన ఎత్తును ఒక్క కాయతో చెడగొట్టేది. ఆయన తల పట్టుకుని "గీమెకు గీ ఆట నేర్పి తప్పు జేసిన" అనేవాడు. ఆ మాటలో ఉన్న సంతోషం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

కిడ్నీ మారిస్తే బతుకుతాడని డాక్టరు చెప్పాడు. అవ్వ తనది తీసుకోమంది. నీ వయసుకు కుదరదన్నారు. దవాఖాన వరండాలో ఆమె ఆ డాక్టరు చేతులు పట్టుకుని "ముసలిదైతే ఏంది సారూ, నాది మంచిగనే నడుస్తాంది" అని బతిమాలిందట. నాయినను పరీక్ష చేస్తే చక్కెర వ్యాధి బయటపడింది. అప్పటిదాకా ఆయనకే తెలియదు. చిన్నమ్మ రక్తం గ్రూపు కలవలేదు. ఆ మాట విని వచ్చిన రోజు చిన్నమ్మ బావి దగ్గర బిందె పెట్టుకుని, చేదతో నీళ్ళు తోడుతూనే ఉంది. బిందె నిండి పొర్లి కాళ్ళ కింద బురద అయినా తోడుతూనే ఉంది. అమ్మ వెళ్ళి చేతిలో తాడు తీసుకుంది.

ఆ తర్వాత ఆట మారింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, కూడబలుక్కోలేదు. కానీ మా ఇంట్లో "చంపిన", "చచ్చింది" అనే మాటలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ మాటలతోనే ఆడినవాళ్ళం. అవ్వ "తీసిన" అనడం మొదలుపెట్టింది. నేను కాయను తోసి ఊరుకునేదాన్ని. ఆ పైన చిన్నాయిన కాయల జోలికి పోవడమే మానేశాం. ఆయన కాయ ఎదురుగా ఉన్నా, సరిగ్గా కావలసిన పందెమే పడినా, పంచుకుని వేరే కాయలు నడిపేవాళ్ళం. లేకపోతే దాచుకునేవాళ్ళం. పాత ఆటలో అయితే ఇట్లా తప్పించడానికి ఇంత వీలు లేదు. ఆయన చేసిన కొత్త నియమాలే మాకు ఆ వీలు ఇచ్చాయి.

ఆయన చేసిన ఆట కదా, ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఒక సాయంత్రం అవ్వకు మూడు పడింది. చిన్నాయిన కాయ సరిగ్గా మూడో గడిలో ఉంది. అవ్వ ఒకటి ఇటు, రెండు అటు నడిపింది. చిన్నాయిన ఆమె చేయి పట్టుకున్నాడు.

"అవ్వా, మూడు పడ్డది గదా."

"పడ్డది."

"నా కాయ గీడ ఉన్నది గదా."

"కండ్లు మంచిగ కనిపిస్తలేవు కొడుకా. సూడలే."

"సూసినవ్. సూసే పక్కకు నడిపినవ్." ఆయన గొంతు పెద్దగా లేదు. అసలు గొంతులో బలమే లేదు అప్పటికి. "పది దినాలాయె, నా కాయను ఒక్కలు ముట్టలే. నన్ను గెలిపియ్యనీకెనా నేను గీ చెక్క జేసుకున్నది? ఒట్టి గవ్వల ఆటే నయముండె. గవ్వలకు నా బీమారి సంగతి తెల్వది."

అవ్వ చెక్క మీది నుంచి చూపు ఎత్తలేదు. నాయిన లేచి బయటికి వెళ్ళాడు. చిన్నాయిన కాయలన్నీ చేత్తో కలిపేసి గోడ వైపు తిరిగాడు.

చిన్నమ్మ అప్పటిదాకా వంటింట్లో ఉంది. ఆ రోజు ఆటలో ఆమె బదులు అమ్మ కూర్చుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి అమ్మను జరగమంది. కాయలు మళ్ళీ సర్దింది.

"లే. నాతోటి ఆడు."

"వద్దు తీ. నువ్వు గుడ గంతే."

"గంతేనో కాదో ఆడితే తెలుస్తది. నీకు భయమైతాంది."

ఆయన తిరిగి కూర్చున్నాడు. ఇద్దరే ఆడారు. చిన్నమ్మ కనికరం లేకుండా ఆడింది. కాసేపటికే ఆయన కాయను కొట్టి, అందరం మానేసిన మాటను గట్టిగా అంది. "సచ్చింది!" అవ్వ ఉలిక్కిపడి నా మోచేయి పట్టుకుంది. చిన్నాయిన మాత్రం ముందుకు వంగి, ముఖంలో రంగు వచ్చి, "ఆగు, నీ సంగతి జెప్త" అన్నాడు.

అప్పటి నుంచి ఆ ఇద్దరే ఆడేవాళ్ళు. మేం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళం. ఆట అయిపోగానే చిన్నమ్మ ఒక్క క్షణం కూడా ఉండకుండా లేచి వంటింట్లోకి పోయేది. అవ్వకు అది నచ్చేది కాదు. "గుండె గాదది, రాతి గుండు. మొగడు గట్ల ఉంటే ఎట్ల ఆడబుద్ధి అయితదో, ఎట్ల గెలువబుద్ధి అయితదో" అని అమ్మతో అనేది. నిజం చెప్పాలంటే, నేను కూడా అవ్వ అన్నదే అనుకున్నాను.

వానాకాలం మొదలైంది. చిన్నాయినకు కూర్చోవడమే కష్టమైంది. నాయిన గోడకు రెండు దిండ్లు ఆనించి, చెక్కను మంచం మీదికే తెచ్చి పెట్టేవాడు. ఆ రోజు చిన్నాయిన బాగా ఆడుతున్నాడు. ఎత్తులు తప్పడం లేదు. ఆయన కాయలు ఒక్కటి తప్ప అన్నీ పండాయి. ఆ ఆఖరిది లోపలి వరుస మొదట్లో ఉంది. చిన్నమ్మవి ఇంకా రెండు కాయలు పండాల్సి ఉంది. ఆయన గెలుస్తాడని అందరికీ తెలిసిపోయింది. అవ్వ ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. చిన్నమ్మ గవ్వలు విసిరింది. ఒకటి పడింది. చెక్క వైపు చాలాసేపు చూసింది. ఒక గడి నడిపింది. తర్వాత పక్కన పెట్టుకున్న రాయిని తీసి మంచం మీద పెట్టింది.

"దాసిన రెండు ఇప్పుడు ఆడుతున్న" అని, అదే కాయను ఇంకో రెండు గడులు నడిపి ఆయన కాయను కొట్టింది.

అవ్వ లేచి నిలబడింది. "నువ్వు మనిషివేనా? మొగని కాయను గట్ల చంపుతవా? ఇంకో దిక్కు నడిపితే నీ సొమ్మేం పోయేది?"

చిన్నాయిన చెక్క వైపే చూస్తున్నాడు. రాయి వైపు చూశాడు, కాయ వైపు చూశాడు. అప్పుడు నవ్వాడు. ఆయాసంతో, దగ్గుతో కలిసిన నవ్వు.

"దాసిన సంగతే యాది మరిసిన! అవ్వా, కోపం జెయ్యకు. మస్తు ఎత్తు అది. నేనే సూసుకోలే." తర్వాత చిన్నమ్మతో అన్నాడు. "రేపు ఇంకోటి ఆడుదం."

మర్నాడు తెల్లవారుతుండగా ఆయనకు ఊపిరి ఆడలేదు. నాయిన పరిగెత్తి తోట ఆసామి జీపు అడిగి తెచ్చాడు. చిన్నమ్మ వెనక సీట్లో ఆయన తలను భుజాన ఆనించుకుని కూర్చుంది. వాన పడుతోంది. కొంపల్లి దాటకముందే ఆయన తల బరువైందట. చిన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. దవాఖాన ముందు జీపు ఆగాక నాయిన వెనక తలుపు తీస్తే అప్పుడు అంది. "బావా, ఇగ లోపటికి వద్దు. ఇంటికి పోదం."

చిన్నాయిన దినాలు అయ్యాయి. అవ్వ చిన్నమ్మతో మాట్లాడటం మానేసింది. వచ్చినవాళ్ళందరికీ ఆ ఆట సంగతి చెప్పి ఏడ్చేది. "ఆఖరి కాయ. పండితుండె. కొట్టింది. తెల్లారి పోయిండు." వినేవాళ్ళు చిన్నమ్మ వైపు చూసేవాళ్ళు. చిన్నమ్మ తల వంచుకుని వాళ్ళకు చాయ్ ఇచ్చేది. ఆ చెక్కను పొయ్యిలో పెట్టమని అవ్వ నాయినకు చెప్పింది. నాయిన సరేనని అటక మీద పెట్టాడు. చాలా ఏళ్ళ తర్వాత ఇల్లు కప్పు మార్చేటప్పుడు తీస్తే లోపలంతా చెదలు తిని, పట్టుకుంటే పొడి రాలింది. నాయిన దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని కిందికి దిగాడు. ఏం చేశాడో నేను అడగలేదు.

చిన్నమ్మ ఏడాదిపాటు మాతోనే ఉంది. వాళ్ళన్న రెండుసార్లు వచ్చి పిలిస్తే పోలేదు. మూడోసారి వచ్చినప్పుడు బట్టలు సర్దుకుంది. పోయేటప్పుడు అవ్వ కాళ్ళకు మొక్కింది. అవ్వ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, చేయి తల మీద పెట్టనూ లేదు. సూరారంలో కొన్నాళ్ళు ఉండి, బౌరంపేటలో కొత్తగా పెట్టిన ఒక బడి హాస్టల్లో వంటపనికి కుదిరిందని తెలిసింది. మళ్ళీ పెళ్ళి చేస్తామంటే వద్దన్నదట.

ఈ లోపు మా దారి మారిపోయింది. ద్రాక్షతోటలు ఒక్కొక్కటే పోయాయి. నాయిన పనిచేసిన తోటను ప్లాట్లు చేశారు. పందిరి రాతి స్తంభాలు మాత్రం చాన్నాళ్ళు అట్లాగే వరసల్లో నిలబడి ఉండేవి. నాయిన ఆ ప్లాట్లకే కాపలా మనిషి అయ్యాడు. నాకు కొంపల్లిలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చిన్నమ్మను చూడాలని ఎన్నోసార్లు అనుకుని, ఒక ఆదివారం పోయాను.

హాస్టల్ వెనక రేకుల షెడ్డులో ఉంది. కొంచెం లావెక్కింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. నన్ను చూసి రెండు చెంపలూ పట్టుకుంది. అందరి గురించి అడిగింది, అవ్వ గురించి అందరికంటే ముందు. చాలాసేపు మాట్లాడుకున్నాక నేను ఆ సంగతి ఎత్తాను.

"చిన్నమ్మా, మేమందరం మెత్తగ ఆడితే చిన్నాయినకు బాధైతాందని నీకు ఒక్కదానికే తెలిసింది. అందుకే గట్ల గట్టిగ ఆడినవు గదా? మాకు తెల్వకపాయె."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు బిడ్డా. అందరు ఏదేదో అనుకున్నరు. మీ అవ్వ నాది రాతి గుండె అన్నది. నువ్వేమో గిట్లంటున్నవ్. నేను గంత ఆలోచన జెయ్యలే. నాకు ఆట ముందట కూసుంటే ఆయన బీమారి సంగతే యాదికుండకపోయేది. గా చెక్క, గా కాయలు, గంతే కనిపించేటివి. ఎదురుంగ కూసున్నాయన ఎప్పటి తీరుగనే అనిపించేది. కొట్టాలె, గెలువాలె, గంతే. ఆట అయిపోంగనే యాదికొచ్చేది. చేతులు జూసేది, కాళ్ళు జూసేది. ఆడ కూసోలేక లోపటికి పోయేదాన్ని." కొంగు సర్దుకుంది. "గా దినం గుడ మంచి ఎత్తు దొరికిందని కొట్టిన. ఆయన నవ్వినంక, అప్పుడు యాదికొచ్చింది."

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

ఇంటికి వచ్చి అవ్వతో ఆ మాటలన్నీ చెప్పాను. అవ్వకు అప్పటికి చూపు నిజంగానే తగ్గింది. వసారాలో కూర్చుని విన్నది. మర్నాడు నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అడిగింది.

"బక్కగైందా?"

"లేదవ్వా. మంచిగనే ఉన్నది."

"వచ్చే ఆదివారం నన్ను తోల్కపో."

రెండు బస్సులు మారి పోయాం. దారి పొడుగునా అవ్వ కిటికీలోంచి చూస్తూ "గిది ఏ ఊరు? గీడ తోట ఉండె గదా?" అని అడుగుతూనే ఉంది. హాస్టల్ దగ్గర చిన్నమ్మ మమ్మల్ని చూసి చాటతో సహా లేచి నిలబడింది. చాటలో కందిపప్పు ఉంది, రాళ్ళు ఏరుతోంది. అవ్వ తడుముకుంటూ పోయి ఆమె పక్కన కింద కూర్చుంది. చిన్నమ్మ కూడా మళ్ళీ కూర్చుని పప్పు ఏరసాగింది. పిల్లల గొడవ దూరంగా వినిపిస్తోంది.

"గా దినం చంపుతవా అని అన్నది నేను బిడ్డా" అంది అవ్వ. "గా మాట నా నోట్లకెల్లి వచ్చింది. నీ నోట్లకెల్లి కాదు. తెల్లారి వాడు పోయిండు. గది నా మీద ఏసుకోలేక నీ మీద ఏసిన."

చిన్నమ్మ పప్పు మీదే చూపు పెట్టింది. ఒక రాయి దొరికితే తీసి పారేసింది. కాసేపటికి చాటను కొంచెం అవ్వ వైపు జరిపింది.

"అత్తా, పిల్లలకు వండే యాళ్ళయితాంది. గీ పక్కది నువ్వు ఏరు."

అవ్వకు రాళ్ళు కనిపించవు. అయినా వేళ్ళతో పప్పును తడుముతూ ఏరడం మొదలుపెట్టింది. ఆమె వదిలేసినవాటిని చిన్నమ్మ తీసేస్తూ పోయింది. మేం ఎక్కాల్సిన బస్సు వచ్చిన చప్పుడైంది. నేను అవ్వ వైపు చూశాను. "దాన్ని పోనియ్యి. ఎనకది ఎక్కుదం" అంది తల ఎత్తకుండానే.